నో యో

ఈ ముసలావిడ ఎదుటి సీట్లో లేకపోతే కాళ్ళు చాపుకుని ఓ కునుకు తీసేది నెరేయా, వీపుసంచి పట్టీలు ఒరుసుకుని భుజాలు మండిపోతున్నాయి, వియన్నాలో రైలెక్కింది మొదలు ఈవిడ వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటే మాటలు, తనది చెక్ దేశమనీ, పేరు లిబూషే అనీ, ల్యుబ్లియానాలో చెల్లెలి దగ్గరికి పోతున్నాననీ, అబ్బ, ఎవరడిగారమ్మా, అయినా నెరేయాకి కొత్తవాళ్ళంటే ఒకప్పుడు ఎంత సరదా, స్పెయిన్‌లో, సరగోసాలో ఇల్లు వదిలి సంచి తగిలించుకున్నదే వాళ్ళ కోసం, పోర్తోలో గిటార్ నేర్పిన తాత, గెంట్‌లో వానకి గొడుగు ఇచ్చేసి తను తడిసిన పిల్ల, క్రాకోలో, వద్దు, క్రాకో వద్దు, ప్రయాణికుల హాస్టల్ వంటగదిలో ఉల్లిపాయ తరుగుతూ ఏడుస్తున్నవాణ్ణి పలకరించకుండా ఉండాల్సింది, ఏమైందబ్బాయ్, ఎవరు పోయారు అని తను, ఉల్లిపాయే పోయింది, నా చేతిలో అన్యాయంగా, అని రాడిమ్, అక్కణ్ణుంచి ఏ ఊరికైనా ఇద్దరూ కలిసే, ఇదిగో పిల్లా తిను, రొట్టె మధ్య వేయించిన మాంసం పెట్టి చేతిలో కుక్కేసింది ముసలావిడ, వద్దండీ అంటే వినదే, సంచి నీకంటే లావుగా ఉంది, మోసే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది అంటుంది, రాడిమ్ కూడా ఇదే తెచ్చేవాడు, ఇది లేకపోతే మా దేశంలో రైలు కదలదు అనేవాడు.

మర్యాదస్తుడు రాడిమ్, నెరేయా ముందు తన చెక్ భాషలో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, పైగా ఆమె కోసం నాలుగు స్పానిష్ ముక్కలు నేర్చుకున్నాడు, ఓలొమోత్స్ వాడి సొంత ఊరు, అక్కడ ట్రామ్ ఆగేచోట సంచి కింద పెట్టి, సిగ్గు విడిచి అడిగేసింది, నేనిక్కడే ఉండిపోవాలని నీకుంది కదూ, వాడు బూట్లకేసి చూసుకుంటూ, చెవులు కందిపోయి, నో యో అన్నాడు, నో అంటే కాదు, యో అంటే నేను, నాకు లేదు అని ఆమె భాషలోనే ఆమె మొహాన కొట్టాడు, సరేలే అని నవ్వేసి ట్రామెక్కింది, వాడు కట్టెలా నిలబడిపోయాడు, నిలబడక ఏం చేస్తాడు, అదే పూట వాడి నంబరు బ్లాక్ చేసింది, ఆ తర్వాత ఏ హాస్టల్లో ఎవరు స్నేహమైనా ఈ కథ చెప్పి నవ్వించింది, మొన్న వాడి పెళ్ళి ఫోటోలు ఎవరో చూపిస్తే పీడా పోయింది అంది, అని, ఆ పూట ముద్ద మింగలేకపోయింది.

ముసలావిడ ఫోన్ మోగింది, నో, నో, నో యో, నో యో, ఇదేమిటి ఈవిడ నోట్లో ఆ మాట, పైగా మొహమంతా నవ్వు, ఎవరినండీ అంతలా కాదంటున్నారు, మా మనవరాలే తల్లీ, సెలవులన్నీ నా దగ్గరే ఉంటానంటోంది, అయ్యో, వద్దన్నారా, వద్దనడమేంటి నీ మొహం, నో యో అన్నానుగా, అంటే, అంటే ఏముంది, మా చెక్‌లో ఊఁ అని, ఔను మరి అని, మా వాళ్ళకి మనసు నిండిపోతే ఇంకో భాష తోచదు, ఏమ్మా, అలా పాలిపోయావేం, రొట్టె పడలేదా.

పడిందండీ, బాగుంది, కిటికీ అవతల కొండలు పోతున్నాయి, పోనీ, ఔను మరి అన్నాడు, చెవులు కందింది అందుకన్నమాట, మళ్ళీ ఒక్కసారి, ఏమన్నావు అని అడిగితే నోరు పడిపోయేదా, ఎంత రోషం, ఎందుకంత రోషం, ఏడుపొస్తోంది, ముసలావిడ చూస్తే చూడనీ, వాడు కాదన్నాడని ఇన్ని ఊళ్ళు తిరిగి ఇంతమందికి చెప్పుకుంది, వాడు ఎవరికి ఏమని చెప్పుకుని ఉంటాడు, చెప్పుకున్నా, ఇలా అంటే వాణ్ణి ఎవరు నమ్ముతారు, ఉండనా అని ఆ పిల్లే అడిగింది, ఉండమన్నాను, నవ్వి వెళ్ళిపోయింది.