ఎనిమిదో ట్రాక్

"ఒక్క తప్పు లేదు," అన్నాడు లాంగ్లీ, అద్దాల గదిలోంచి మైకులో. "నలభై సెకన్ల సోలోలో ఒక్కటంటే ఒక్క తప్పు లేదయ్యా లెన్. ఇక గిటారు పెట్టెలో పెట్టేసుకో."

లెన్ పార్డో గిటారును పెట్టెలో పెట్టలేదు. భుజాన ఉన్న పట్టీని కూడా తీయలేదు. హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, "ఒక్కసారి వినిపించండి సిరిల్ గారూ," అన్నాడు.

ఇంగ్లండులో ఓల్డ్ హిల్ అనే ఊళ్ళోని ఆ స్టూడియో ఒకప్పుడు మెథడిస్టు క్రైస్తవుల ప్రార్థనా మందిరం. బల్లలు తీసేసి, గోడలకు పాత పరుపులు బిగించి, దాన్ని రికార్డింగుకు తగినట్టు చేసినవాడు సిరిల్ ఫెలోస్. ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలో కరెంటు పని చేసిన మనిషి కాబట్టి, ఏ మీట నొక్కినా దాని వెనక ప్రాణాలున్నట్టే నొక్కేవాడు. ఆయన టేపు వెనక్కి తిప్పాడు. 1972 అక్టోబరులో ఒక మంగళవారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలు. ఆరింటికి బాకాలు ఊదే బ్రాస్ బ్యాండు వాళ్ళు వస్తారు. అప్పటికి వీళ్ళు గది ఖాళీ చెయ్యాలి.

పాట మొదలైంది. పెరళ్ళలో కొలిమి పెట్టుకుని గొలుసులు కొట్టిన ఆడవాళ్ళ మీద లెన్ రాసిన పాట అది. గాయకుడు ఐవర్ రెండో చరణం ముగించి, 'నిప్పు ఆరనీయకే' అన్న మాటను సాగదీసి వదిలాడు. ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే లెన్ గిటారు దాని మీదికి దూకింది. మెట్లమీంచి గోళీల సంచీ బోర్లించినట్టు స్వరాలు దొర్లుకుంటూ పైకి పోయాయి, కిందికి వచ్చాయి, మళ్ళీ పైకి పోయాయి. ప్రతిదీ స్పష్టంగా, ప్రతిదీ తన తావులో ఉంది. లాంగ్లీ చెప్పింది నిజమే. ఒక్క తప్పు లేదు.

"ఎలా ఉందిరా?" అని లెన్ డ్రమ్ముల వెనక కూర్చున్న నోరిస్‌ని అడిగాడు.

నోరిస్ నోట్లోని శాండ్‌విచ్ తీరిగ్గా నమిలి మింగాడు. "బావుంది. టైపు మిషన్ మీద ఎవరో పేద్ద ఉత్తరం కొట్టినట్టుంది. ఎవరికి రాశారో మాత్రం తెలీలేదు."

లెన్‌కు కోపం రాలేదు. తనకు తోచి, చెప్పుకోవడానికి జంకుతున్న సంగతినే వాడు చెప్పాడు. లండన్ నుంచి వచ్చిన పెద్దమనిషి లాంగ్లీ అద్దం వెనక నిలబడి చూస్తున్నాడన్న స్పృహతో, పదిహేనేళ్ళుగా నేర్చినదంతా తను ఆ నలభై సెకన్లలో కుక్కేశాడు. అందులో గొలుసు లేదు, కొలిమి లేదు, ఐవర్ పాడిన మాట లేదు. లెన్ పార్డో చేతివేళ్ళున్నాయి, అంతే.

"ఇంకోసారి వాయిస్తానండీ," అన్నాడు.

లాంగ్లీ అద్దాల గదిలోంచి బయటికి వచ్చాడు. రికార్డు కంపెనీ మనిషి, మర్యాదస్తుడు, తన బూట్లు ఆ ఊరి మసికి పాడవుతాయని పొద్దున్నుంచీ దిగులు పడుతున్నవాడు. "వాయించు, నాకేం? కానీ దేని మీద పట్టాలి?"

చిక్కు అక్కడే ఉంది. టేపు మీద ఒక్కో వాద్యాన్నీ గొంతునూ విడివిడిగా పట్టే ట్రాకులు ఎనిమిదే. డ్రమ్ములకు రెండు, బేస్‌కు ఒకటి, ఆర్గన్‌కు ఒకటి, వెనక గిటారుకు ఒకటి, ఐవర్ గొంతుకు ఒకటి పోగా రెండు మిగలాలి. ఒకదాని మీద ఒక సోలో, రెండోదాని మీద ఇంకో సోలో పట్టి, మంచిది ఉంచుకోవచ్చు. వేరే ఏ ఊరి బృందమైనా అలాగే చేసి ఉండేది. వీళ్ళు మాత్రం ఏడో ట్రాక్‌ను పొద్దున్నే గొలుసుకు ఇచ్చేశారు. నోరిస్ పన్నెండడుగుల నిజమైన ఇనుప గొలుసును బంగాళాదుంపల గోతాంలో వేసుకుని, రెండు బస్సులు మారి మోసుకొచ్చాడు. పల్లవి వచ్చిన ప్రతిసారీ దాన్ని రాతినేల మీద జారవిడిచాడు. ఆ చప్పుడు ఒక ట్రాక్ మొత్తాన్ని మింగేసింది.

"ఆ గొలుసు చెరిపేద్దాం," అన్నాడు లాంగ్లీ. "కంజీర లాంటిదేదో తర్వాత లండన్‌లో కలుపుకోవచ్చు."

నోరిస్ శాండ్‌విచ్ పక్కన పెట్టాడు. "ఏంటండీ, కంజీరా? గొలుసు పాటకి కంజీరా? లాంగ్లీ గారూ, మా ఊళ్ళో ఈ రికార్డు కొనేవాళ్ళలో సగంమంది గొలుసు కొట్టిన చేతులే. అంగుళం గొలుసో, ముప్పావు గొలుసో చప్పుడు విని చెప్పేస్తారు. నన్ను బతకనిస్తారా?"

"గొలుసు ఉంటుంది," అన్నాడు లెన్. వాళ్ళ అమ్మమ్మ గొలుసు కొట్టింది. ఆమె పక్కన తోలుతిత్తి ఊదుతూ వాళ్ళమ్మ పెరిగింది. "నా సోలోయే చెరపండి."

లాంగ్లీ గడియారం చూసుకున్నాడు. "సరిగ్గా విను బాబూ. నీ దగ్గర ఇప్పుడు మంచి సోలో ఒకటుంది. దాన్ని చెరిపాక, ఆరులోగా అంతకంటే మంచిది రాకపోతే, నేను టేపు లండన్ పట్టుకెళ్ళి అక్కడి మా వాద్యకారుడితో వాయింపిస్తాను. అతను చాలా గట్టివాడు. పాట నీదే ఉంటుంది. సోలో మాత్రం నీది కాదు."

నోరిస్ మిగిలిన శాండ్‌విచ్‌ను కాగితంలో చుట్టేశాడు.

తనకు కావలసింది ఏమిటో లెన్‌కు స్పష్టంగా తెలుసు. ఒకసారి అది తన చేతికి వచ్చింది కాబట్టే తెలుసు. ఆగస్టులో, వాళ్ళ వీధి చివరి కార్మికుల క్లబ్బులో, ఒక శనివారం ఇదే పాట వాయించారు. ఆ క్లబ్బు కార్యదర్శికి సంగీతమంటే బింగో ఆటల మధ్య ఖాళీని పూడ్చే సరుకు. పాట మధ్యలో వేదిక మీదికి వచ్చి, "చెవులు పోతున్నాయి, తగ్గించరా!" అని తనే చెయ్యి చాపి లెన్ యాంప్లిఫయర్ గొంతు సగానికి సగం నొక్కేశాడు. అదే అదనుగా మైకు అందుకుని, "బఠానీలు వచ్చాయి!" అని ప్రకటించాడు. బేకన్ వేసి ఉడికించిన బఠానీల గంగాళం ఆ గదిలోకి వచ్చిందంటే ఎంతటి కళాకారుడైనా కుర్చీల వీపులకే వాయించుకోవాలి. సోలో సరిగ్గా అప్పుడే మొదలవ్వాలి. గొంతు తగ్గిన గిటారుతో వేగంగా వాయిస్తే బురదలో నడిచినట్టుంటుందని, లెన్ గత్యంతరం లేక స్వరాలు తగ్గించాడు. ఐవర్ ఎక్కడ ఆపాడో అక్కడే ఎత్తుకుని, ఆ మాటనే ఇంకోలా అన్నట్టు వాయించి, ఆగాడు. ఆగిన చోట గదిలో గరిట కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే గంగాళం దగ్గర ఒక్కడూ లేడు, అందరూ వేదిక వైపు తిరిగి ఉన్నారు. వాళ్ళమ్మ ఫ్లాసీ నస్యం డబ్బా తెరిచి పట్టుకుని, పీల్చడం మరిచిపోయి కూర్చుని ఉంది. ఇంటికి వస్తూ ఆమె, "ఎప్పుడూ నీ గిటారు నా మీద అరుస్తుందిరా. ఇవాళ నాతో మాట్లాడింది," అంది. పదిహేనేళ్ళలో తన సంగీతం గురించి ఆమె అన్న మొదటి మాట అది.

"చెరపమంటావా?" అన్నాడు సిరిల్, ఎర్ర మీట మీద వేలు పెట్టి.

"చెరిపెయ్యండి."

"తర్వాత నన్ను తిడితే ఊరుకోను."

"తిట్టను."

టేపు కదిలింది; కొత్తది పడేకొద్దీ పాతది చెరిగిపోతుంది. ఐవర్ మాట హెడ్‌ఫోన్లలో ముగిసింది. లెన్ ఎత్తుకున్నాడు. నాలుగు తాళావర్తాలు నిలకడగా నడిచాక, తనకు తెలియకుండానే వేళ్ళు మళ్ళీ పరుగందుకున్నాయి, పదిహేనేళ్ళ అలవాటు. తిట్టుకుని ఆపేశాడు. అప్పటికి పాత సోలో సగం కొట్టుకుపోయింది. ఇప్పుడు ఎనిమిదో ట్రాక్ మీద ఒకదాని ముక్క, ఇంకోదాని తోక మిగిలాయి. లాంగ్లీ కోటు తొడుక్కున్నాడు. ఐదూ నలభై.

"సిరిల్ గారూ, చెవుల్లో నా గిటారు తగ్గించండి. బాగా తగ్గించి ఐవర్ గొంతు పెంచండి."

"నీ సోలో నీకే వినపడదు మరి."

"పాట వినపడితే చాలు."

లెన్ వెళ్ళి యాంప్లిఫయర్ గొంతు తనే సగానికి దించాడు. గిటారును పొట్టకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. 'నిప్పు ఆరనీయకే' అని ఐవర్ వదిలిన స్వరం దగ్గరే, దాని పక్కన చోటు అడిగి కూర్చున్నట్టు, మొదటి స్వరం వేశాడు. తర్వాతిది తొందరపడలేదు. వాక్యం ఒకటి అయ్యాక ఆగి, నోరిస్ డ్రమ్మును ఒక అడుగు ముందుకు నడవనిచ్చి, రెండోది అన్నాడు. మధ్యలో ఒక చోట తీగను వేలితో పైకి నెట్టాడు; అది చేరవలసిన ఎత్తుకు వెంట్రుకవాసి కింద నిలిచిపోయింది. దాన్ని సరిదిద్దబోయే వేలిని లెన్ ఆపుకున్నాడు. అలాగే వదిలేసి, ఒక ఆవర్తం మొత్తం మౌనంగా ఉన్నాడు. మళ్ళీ అదే తీగను, అదే చోట, నెమ్మదిగా, బరువెత్తుతున్నట్టు నెట్టాడు. ఈసారి అది చేరింది. చేరి, అక్కడే నిలబడి, వణికింది. మొదటి ప్రయత్నం తడబడడం వల్ల రెండోదాని విలువ ఎంత పెరిగిందో వాయిస్తున్న వేళ్ళకే తెలిసింది. చివరి రెండు ఆవర్తాల్లో ఆర్భాటమేమీ చెయ్యలేదు. మూడో చరణం మొదటి మాటను ఐవర్ ఏ స్వరంలో అందుకుంటాడో అక్కడికి దిగి, తలుపు తీసి పట్టుకున్నట్టు ఆపేశాడు.

టేపు ఆగాక నోరిస్ ముక్కు చీదుకుని, "జలుబు," అన్నాడు.

లాంగ్లీ కోటుతోనే అద్దాల గదిలోకి వెళ్ళి, వంగి మైకు అందుకున్నాడు. గొంతు మారింది. "లెన్... బావుంది. చాలా బావుంది. ఆ మధ్యలో తీగ లాగినప్పుడు మొదటిసారి స్వరం కొంచెం కింద పడింది. ఇంకా పది నిమిషాలుంది. ఇలాగే ఇంకొక్కసారి. అదొక్కటీ సరిచేస్తే..."

"వద్దండీ."

"ఒక్కసారే."

"అది కింద పడకపోతే రెండోది ఎందుకండీ?" లెన్ గిటారు వైరును యాంప్లిఫయర్‌లోంచి ఊడబెరికి మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. "లండన్‌లో మీ మనిషిని పెట్టుకుంటే పెట్టుకోండి. అతనికి ముందు ఇది వినిపించండి. విని, దీన్ని చెరపమని అతని నోటితో అంటే, అప్పుడు చెరపండి. నేను మాత్రం అనను."

లాంగ్లీ సిరిల్‌తో ఏదో అన్నాడు. టేపు మళ్ళీ తిరిగింది. ఈసారి లాంగ్లీ కళ్ళు గడియారం మీద లేవు. సోలో అయిపోయాక కోటు గుండీలు విప్పి, కుర్చీలో కూర్చుని, సిరిల్ చేతిలోంచి పెన్సిలు తీసుకున్నాడు. టేపు పెట్టె మీది కాగితంలో ఎనిమిదో గడిలో తనే రాశాడు: 'సోలో, ఎల్. పార్డో. చెరపరాదు.' రాసినది లెన్‌కు కనబడేలా అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

లెన్ తల ఊపాడు. ఎగిరి గంతేయాలనిపించలేదు, నిటారుగా నిలబడాలనిపించింది. నిలబడ్డాడు.

వసారాలో బ్రాస్ బ్యాండు వాళ్ళు వాద్యాల పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. లెన్, నోరిస్ యాంప్లిఫయర్‌ను ఈడ్చుకుంటూ బయటికి వస్తుంటే కార్నెట్ బాకా పెట్టె పట్టుకున్న ముసలాయన ఒకరు దారికి అడ్డంగా లేచారు.

"గిటారు నువ్వేనా అబ్బాయ్?"

"నేనేనండీ. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి."

"అది కాదు. నలభై రెండేళ్ళుగా ఊదుతున్నాను నేను. గాలి అయిపోతే ఆగుతాం, మాకు తప్పదు. నీకు గాలితో పనేముంది? పొద్దుగూకేదాకా ఆగకుండా వాయించొచ్చు నువ్వు. సరిగ్గా నేను ఊపిరి తీసుకునే చోటే ఎలా ఆగావు?"

"ఇన్నాళ్ళూ వీడికి ఊపిరి తీసుకోవడమే తెలీదండీ," అన్నాడు నోరిస్.

ముసలాయన నవ్వకుండా కార్నెట్ పెట్టెను గోడవార పెట్టి, నోరిస్‌ను భుజంతో పక్కకు జరిపి, యాంప్లిఫయర్ పిడి మీద చెయ్యి వేశారు.

"ఇటు వైపు బరువెక్కువండీ, నేను పట్టుకుంటా," అన్నాడు లెన్.

"నోరు మూసుకుని అటు పట్టుకో. ఇవాళ్టికి నువ్వు మోసింది చాలు."