అమ్మకు మిగిలిన మాట

అమ్మకు మాట పడిపోయిన రోజున కుట్టుషాపులో ఒక్క కస్టమరే ఉన్నాడు. అతని కోటు మీద మిగిలిన దారప్పోగులు ఏరి, పై గుండీ పెట్టి, మడిచి చేతికిచ్చి, అలవాటు ప్రకారం "థ్యాంక్సండీ" అనబోయింది. నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. పక్క బల్ల మీద గుడ్డ కత్తిరిస్తున్న పెద్దమ్మాయి తలెత్తి చూసేసరికి అమ్మ కుడిచెయ్యి కూడా వేలాడిపోతోంది.

జుట్టు సగం నెరిసినా ఆ వీధిలో అందరికీ ఆమె పెద్దమ్మాయే. చెల్లెలు చిన్నది. బస్సు డిపోలో టికెట్ల కౌంటర్లో ఉద్యోగం, ఊరి అవతల కాపురం. షాపూ, షాపు వెనక రెండు గదులూ, ఆ గదుల్లో అమ్మా, అన్నీ పెద్దమ్మాయి వంతుకు వచ్చాయి.

మర్యాద విషయంలో అమ్మ పట్టు అంతా ఇంతా కాదు. ఎవరైనా మంచినీళ్లు అందించినా థ్యాంక్స్ చెప్పాల్సిందే. భోజనాల దగ్గర ప్రార్థన అయ్యాక, ఆ రోజు ఎవరైనా ఎవరినైనా నొప్పిస్తే క్షమాపణ చెప్పుకున్నాకే కంచం ముట్టుకోవాలి. "చేతులు కడుక్కున్నారు సరే, నోళ్లు కడుక్కున్నారా?" అని అడిగేది. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా "సారీ" అని గొణిగి, ఆకలి కొద్దీ ఒకరినొకరు క్షమించేసుకునేవారు.

కొన్ని నెలలకు అమ్మకు ఒక్క మాట తిరిగొచ్చింది. థ్యాంక్స్. డాక్టరుకు చెప్పింది. కిటికీ రెక్క బాగుచేసిన వడ్రంగికి చెప్పింది. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, కాసేపు కూర్చుని తల దువ్వి వెళ్లే చిన్నదానికి చెప్పింది. చిన్నది మురిసిపోయి అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

పెద్దమ్మాయికి మాత్రం చెప్పలేదు. స్నానం చేయించినా, పక్క మార్చినా, చెంచాతో తినిపించి మూతి తుడిచినా ఆ మాట లేదు. ఎడమచేత్తో ఆమె జాకెట్టు చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగి, దాని మీద అంటుకున్న దారప్పోగులు ఒక్కొక్కటే ఏరేది. అంతే.

"వడ్రంగికి కూడా చెప్పింది పిన్నీ," అంది పెద్దమ్మాయి, జాకెట్టు కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన పక్కింటి పిన్నితో. నవ్వుతూ అందామనుకుంది గాని నవ్వు కుదరలేదు.

"పిచ్చిదానా, నీ చేతికి నువ్వు థ్యాంక్స్ చెప్పుకుంటావా?"

"చెప్పుకుంటే అరిగిపోతుందా?"

"నీతో పెట్టుకుంటే అయినట్టే," అంది పిన్ని. "ముందు నా గుడ్డ సంగతి చూడు. కుట్టేప్పుడు ఉన్న ఒళ్లు ఇప్పుడు లేదు."

పిన్ని మాటలో నిజం ఉండొచ్చని పెద్దమ్మాయికి తోచకపోలేదు. కానీ ఆమెకు కావలసింది కారణం కాదు. ఆ మాట. ఒక్కసారి, తన చెవిన పడేలా. ఆదివారం వస్తోందంటే ముందు రోజు నుంచే విసుక్కునేది. చిన్నది దువ్వెన పట్టుకుని ఘనకార్యం చేసినట్టు వస్తుంది, మాట పట్టుకుపోతుంది.

ఆ ఆదివారం చిన్నది కొత్త దువ్వెన తెచ్చింది. పెద్దమ్మాయి గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఇప్పుడే పడుకుంది. లేపకు."

"ఓసారి చూసి పోతానక్కా."

"రాత్రంతా నిద్ర లేదు. నీకేం, దువ్వి వెళ్లిపోతావు. తర్వాత పడేది నేను."

చిన్నది మొహం చిన్నబుచ్చుకుంది. అయినా మాట తూలలేదు. "సరేలే. రేపు డ్యూటీ దిగాక వస్తాను. ఇది అమ్మకివ్వు," అని దువ్వెన చేతిలో పెట్టి వెళ్లింది.

లోపల అమ్మ మేలుకునే ఉంది. చిన్నదాని గొంతు విన్నట్టుంది, గుమ్మం వైపు తిరిగి ఉంది. పెద్దమ్మాయి మంచం మీద కూర్చుని, కొత్త దువ్వెనతోనే, చిన్నదానికంటే నెమ్మదిగా, చిక్కులు నొప్పి పుట్టకుండా తీసి దువ్వింది. జడ వేసి ఎదురు చూసింది. అమ్మ కాసేపు గుమ్మం వైపే చూసి, తర్వాత పెద్దమ్మాయి చెయ్యి లాక్కుని దారప్పోగులు ఏరడం మొదలుపెట్టింది. పెద్దమ్మాయి చెయ్యి విడిపించుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

తెల్లవారి షాపు తలుపు తీయబోయే ముందు చూస్తే అమ్మకు ఊపిరి లేదు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

సమాధి దగ్గర కార్యక్రమం ముగిసి, చుట్టాలు వెళ్లిపోయాక అక్కాచెల్లెళ్లిద్దరే బల్ల దగ్గర మిగిలారు. చిన్నది ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక కంచం ముట్టుకోలేదు.

"అమ్మ ఉంటే నోళ్లు కడుక్కోమనేది. నేను కడుక్కుంటానక్కా," అంది. "చాకిరీ అంతా నువ్వు చేశావు, దువ్వెనతో వచ్చి మంచి పేరు నేను కొట్టేశాను. అది చాలక నీ మీద కుళ్లుకున్నాను కూడా."

"నా మీదా? దేనికి?"

"అమ్మ నీ చెయ్యి అలా లాక్కునేది కదా. నన్నెప్పుడూ లాక్కోలేదు. పరాయిదానికి చెప్పినట్టు థ్యాంక్స్ చెప్పి పంపేసేది." ముక్కు తుడుచుకుంది. "సారీ అక్కా. మొన్న లేపనివ్వనందుకు కోపం కూడా వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే నువ్వే మంచి పని చేశావు. ఆఖరి రోజు కాస్త హాయిగా పడుకుంది. థ్యాంక్స్."

ఇన్నాళ్లూ పెద్దమ్మాయి చెవులు కాచుకున్న మాట అదే. చెప్పకూడని మనిషి నోటి నుంచి, చేయకూడని పనికి వచ్చింది. ఆమె నోరు తెరిచింది. చిన్నది తడి కళ్లతో, మర్యాదగా, అక్క వంతు కోసం ఆగింది.

"చల్లారిపోతుంది, తిను," అంది పెద్దమ్మాయి. తనే ముందు కంచం ముట్టుకుంది.

షాపు మళ్లీ తెరుచుకుంది. కోటు ఇచ్చే ముందు దారప్పోగులు ఇప్పుడు పెద్దమ్మాయే ఏరుతుంది. తన చేతి మీదవి ఏరడానికి ఎవరూ లేరు గనుక సాయంత్రానికి అవి అలాగే ఉండిపోతాయి. ఆదివారాలు చర్చిలో చిన్నది పక్కనే కూర్చుంటుంది. పరలోక ప్రార్థనలో మమ్మల్ని క్షమించమని దేవుణ్ణి అడిగేచోట చిన్నదాని గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. పెద్దమ్మాయి అక్కడ పెదవులు కదపదు. దువ్వెన మిషను సొరుగులో, బాబిన్ల పక్కన ఉంది.

ఆ రోజు అమ్మ మేలుకునే ఉందని చిన్నదానికి ఇంకా చెప్పలేదు.