ఆఖరి పుట బోరమ్మ దగ్గరుంది

పావగడ సంతలో బొరుగులమ్మే సుబ్బక్క పొట్లం కట్టేముందు ప్రతి కాగితాన్నీ ఎండకెత్తి చూసేది. ఆమెకు చదువు రాదు. కానీ అచ్చు ఏదో, చేతిరాత ఏదో, సర్కారు ముద్ర ఏదో తెలుసు. ఎందుకంటే రాత ఉన్న కాగితంలో బొరుగులు తిన్నవాళ్ళకు ఆ రాత కంఠతా వస్తుంది, మళ్ళీ పోదు. తాలూకా అంతా ఎరిగిన సంగతే. పరీక్షలు దగ్గరపడితే తల్లులు చరిత్ర పుస్తకంలోంచి పుటలు చించి తెచ్చి, "దీంట్లో కట్టియ్యక్కా, మావానికి గడగడా రావల్ల" అనేవాళ్ళు. ఒకసారి పొరపాటున కోర్టు సమన్లలో కట్టిచ్చింది. అది తిన్న మంగళవాడ ముసలాయన మూడేండ్లుగా ఎవరు పలకరించినా ఆఫీసు కన్నడంలో "ఈ మూలక తిళియపడిసువుదేనెందరె", అంటే 'ఇందుమూలంగా తెలియజేయునదేమనగా', అని మొదలుపెడుతున్నాడు. అప్పటినుంచీ సుబ్బక్క ముద్ర ఉన్న కాగితం ముట్టదు.

సంతకు కూతవేటు దూరంలో మల్లేశప్ప అచ్చాపీసు. యుద్ధానికి ముందునుంచీ అతను రెండు గ్రంథమాలలు నడిపేవాడు. ఒకటి వెన్నెల మాల, ఇంకొకటి పన్నీరు మాల. నెలకో ప్రేమ నవల. బస్సు మీద మడకశిరకూ, హిందూపురానికీ, బళ్ళారికీ పోయేవి. ప్రతి అట్ట మీదా రచయిత్రి పేరు కుమారి హేమలత. అటువంటి మనిషి లోకంలో లేదు. రాసేది ముగ్గురు. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే కదిరమ్మ, వై.ఎన్.హొసకోటలో చీరలు నేసే ఆంజనప్ప, తాలూకా కచేరీలో నకళ్ళు రాసే లింగప్ప. చెమట ముగ్గురిది, పేరు లేని మనిషిది. ఆ పేరుకు సొంతదారు మల్లేశప్ప. అతని షరతులు రెండే. అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరుకు తిప్పే పని లేకుండా కాగితానికి ఒకవైపే రాయాలి. ఏ కథైనా ఆఖరి ఫారంలో, అంటే చివరి పదహారు పుటల్లో, పెండ్లి జరగాలి.

కదిరమ్మకు ఇరవై మూడేండ్లు. పదకొండు పెండ్లిళ్ళు చేసింది, అన్నీ కాగితం మీద. పన్నెండో నవలలో మాత్రం చేయనని మొండికేసింది. దాని పేరు 'సుగుణ ఒప్పుకోలేదు'. శెనక్కాయల మిల్లులో పప్పు ఏరే సుగుణను మిల్లు మేస్త్రీ రెండో పెండ్లాంగా అడుగుతాడు. ఆమె నలుగురి ముందు కాదంటుంది. కథ అంతే. కాగితం దొరకని కాలం కాబట్టి చిత్తుప్రతి అంతా బడి పలకల మీద రాసుకుంది. రాయడం, దిద్దడం, మంచి కాగితం మీదికి ఎక్కించడం, పలక తుడిచేయడం. రెండేండ్లు పట్టింది. నూట నలభై పుటల ఒకే ఒక్క ప్రతిని మల్లేశప్ప చేతిలో పెట్టింది.

పందొమ్మిది వందల నలభై నాలుగు ఎండాకాలంలో మల్లేశప్ప రెండు మాలలూ మూసేశాడు. ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. ముగ్గురూ వచ్చేసరికి అచ్చాపీసు గోడకు రేషన్ ఫారాల నమూనాలు అతికించి ఉన్నాయి.

"కాగితానికి కంట్రోలు వచ్చింది గదమ్మా," అన్నాడు మల్లేశప్ప తమలపాకుకు సున్నం రాసుకుంటూ. "సర్కారోళ్ళు రేషన్ ఫారాలకు మాత్రమే కాగితమిస్తారంట. జనం చక్కెర కోసం కొట్టుకుంటాంటే నీ ప్రేమలు ఎవురికి కావల్ల?"

"చక్కెర దొంగబజారులో అమ్మేవాడే జనం పేరు చెప్తాడు," అంది కదిరమ్మ. "మా శ్రమతో నువ్వు మేడ కట్టినావు. శ్రమించేవాడిదే ఫలం. అది చరిత్ర తీర్పు."

"ఆ తీర్పు యా కోర్టులో ఇచ్చినారో నకలు తీసుకురా, చూస్తా."

లింగప్ప కోర్టు మాట వినగానే తలవంచుకున్నాడు. ఆంజనప్ప మెల్లగా, "కదిరమ్మా, రాతప్రతి అడుగు," అన్నాడు.

"నా నవల ఇచ్చేయ్," అంది.

మల్లేశప్ప ఆకు నోట్లో వేసుకున్నాడు. "పెండ్లి లేని కథ నేనేం చేసుకుంటానమ్మా. రాతప్రతులన్నీ తూకానికి వేసినా. పోయిన సంతకే సుబ్బక్క ఎత్తుకపాయ."

కదిరమ్మకు కండ్లు బైర్లు కమ్మాయి. ఏడుపు కాదు, కోపం. ఊరిని తగలబెట్టినవాడి మీదైనా కేసు ఉంటుంది. ఒక మనిషి రెండేండ్ల బతుకును మణుగుల్లెక్కన తూచినవాడి మీద ఏ సర్కారులోనూ, ఏ మహారాజు ఏలుబడిలోనూ కేసు ఉండదు. ఆమె సంతకు పరుగెత్తింది.

సుబ్బక్క గంపలో ఒక్క పుట మిగల్లేదు.

"ముద్ర లేదు గదాని కట్టినానమ్మా," అంది ఆమె బాధపడుతూ. "ముత్యాల్లాంటి రాత. బేరం శానా బాగ పాయ. యా ఊరోళ్ళు తిన్నారో చెప్తా, పోయి అడుక్కో."

అడుక్కోవడం తప్ప వేరే దారి లేదు. ఎండాకాలం సెలవులు. కదిరమ్మ ఒక లావు నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సెక్కింది. కొంత దూరం బస్సు, చాలా దూరం కాలినడక. ఆంజనప్ప ఈలోగా శుభలేఖలకు పద్యాలు రాయడం మొదలుపెట్టాడు. లింగప్ప కచేరీ మెట్ల మీద అర్జీలు రాస్తున్నాడు. ఇద్దరూ "కాలం అట్లుండాది, ఏం చేస్తాం" అన్నారు. కాలానికేం, అది ఎప్పుడూ అట్లే ఉంటుంది, ఒప్పుకునేవాళ్ళు ఉన్నంతకాలం.

మంగళవాడలో మడక కర్రు నూరుకుంటున్న రైతు పదిహేడో పుట ఒప్పజెప్పాడు. క్యాతగానచెర్లులో గొర్రెలు విప్పుతూ ఓబమ్మ అనే ఆమె నలభై మూడు, నలభై నాలుగు రెండూ చెప్పింది. ఆ రోజు ఆకలై రెండు పొట్లాలు తిన్నదట. చెప్పి ఊరుకోలేదు.

"యమ్మా, నీ కాగితంలో సుగుణ పొద్దంతా పప్పేరి ఇంటికిపోయి అద్దంలో జూసుకొని నవ్విందని ఉండాది. పొద్దంతా కూకున్నోళ్ళకు నడుం పట్టుకుంటాది. నవ్వు యాడొస్తాది?"

"అది ప్రేమావేశం," అంది కదిరమ్మ ముఖం ఎర్రబడి.

"అయ్యుండొచ్చులే. ముందు నడుముకు ఆముదం రాసుకొమ్మను."

కదిరమ్మ ఉన్నదున్నట్టు రాసుకుంది. కానీ రాత్రి పడుకుంటే ఆముదం సంగతి ముల్లులా గుచ్చింది. శ్రామిక స్త్రీల కోసం రాశానని ఆమె రెండేండ్లు గర్వపడింది. ఆ స్త్రీలలో ఒక్కరికీ చదవడం రాదని ఒక్కనాడూ ఆలోచించలేదు. మల్లేశప్ప అచ్చు వేసి ఉంటే ఓబమ్మ దగ్గరికి ఆ పుట ఎప్పటికీ చేరేది కాదు. ఈ నిజం ఆమె కోపాన్ని తగ్గించలేదు, రెట్టింపు చేసింది.

జనం కూడా కథ కోసం తిరగడం మొదలుపెట్టారు. యాభయ్యో పుట తిన్నవాడు యాభై ఒకటి తిన్నవాడి ఇంటికి పోయి, "పై మాట చెప్పుప్పా, నిద్ర పట్టడంల్యా" అని కూర్చునేవాడు. మిల్లు వెనక గుడిసెల్లో ఉండే కులపెద్ద దొడ్డయ్య దగ్గర నూట ముప్ఫై ఎనిమిదో పుట దొరికింది. అందులో సుగుణ కులపెద్ద ఒక మాట అంటాడు.

"'పిల్ల మాట పిల్ల నోటితోనే వినవలెను,'" అని ఒప్పజెప్పి దొడ్డయ్య విసుక్కున్నాడు. "పొద్దున లేస్తే అదే నోట్లోకొస్తాంది మేష్ట్రమ్మా. మొన్న బర్రెను బేరం జేసేటప్పుడు గూడా అదే అన్నా. నవ్వుకున్నారు."

నూట ముప్ఫై తొమ్మిది పుటలు దొరికాయి. ఆఖరిది మాత్రం లేదు. సుగుణ మేస్త్రీని కాదన్న మాట ఆ పుటలోనే ఉంది. అది లేకపోతే కథ మేస్త్రీ అడగడంతో ఆగిపోతుంది. అంటే మేస్త్రీదే గెలుపు. పలక మీద రాసి తుడిచేసిన మాటల కోసం కదిరమ్మ ఎంత తల బాదుకున్నా కుదురుగా గుర్తుకు రాలేదు.

"బోరమ్మను అడుగు," అంది సుబ్బక్క. "ఆ పొద్దు ఆఖరి పొట్లం దానికే ఇచ్చినా."

బోరమ్మ నిజంగానే శెనక్కాయల మిల్లులో పప్పు ఏరేది. పద్దెనిమిదేండ్లు. మేనత్త ఇంట్లో పెరిగింది. ఒకేసారి రెండు మాటలు మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. కదిరమ్మ పోయేసరికి మిల్లు గడపలో చాట ముందర పెట్టుకుని తలవంచుకుని ఉంది.

"ఆఖరి పుట నీ దగ్గరుండాదంట," అంది కదిరమ్మ. "చెప్పు, రాసుకుంటా."

బోరమ్మ తల అడ్డంగా ఊపింది.

"అది నాది బోరమ్మా. నేను రాసింది."

"తెలుసు మేష్ట్రమ్మా."

"మరి?"

బోరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "శుక్రవారం మాయింట్లో ఆకువక్క మారుస్తాన్నారు. మా మిల్లు మేస్త్రీ కాటయ్యకే నన్నిస్తారంట. పెండ్లాముండాది ఆయప్పకు. కాదంటే మిల్లులో పనికి నా పేరు పిలవడంట. అత్త ఒప్పుకునింది." కాసేపు పప్పు ఏరి మళ్ళీ అంది. "ఇప్పుడు చెప్తే ఆయప్ప చెవిన పడతాది. శుక్రవారం అయినాంక ఇస్తా. ఆ కాగితం నాకు కావల్ల."

కదిరమ్మ నోటుబుక్కు మూసేసింది. ఆమె దగ్గర అంతవరకూ ఎన్నో మాటలున్నాయి, విముక్తి, చైతన్యం, సంకెళ్ళు. ఆ గడపలో ఒక్కటీ పైకి రాలేదు.

శుక్రవారం బోరమ్మ మేనత్త గుడిసె ముందు చాప పరిచారు. కాటయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఇత్తడి పళ్ళెంలో ఆకులు, వక్కలు, టెంకాయ. ఆ కులంలో పిల్లను మూడుసార్లు "ఒప్పేనా" అని అడగడం ఆనవాయితీ. మూడుసార్లూ పిల్ల తరఫున మేనత్త "ఊ" అంటుంది. తాతల కాలం నుంచీ పిల్ల గొంతు ఎవరూ విన్నది లేదు. అడిగే న్యాయం ఉంది, వినే న్యాయం లేదు. కదిరమ్మ ఆడవాళ్ళ వెనక నోటుబుక్కుతో నిలబడింది.

దొడ్డయ్య పళ్ళెం ఎత్తుకుని, "పిల్ల ఒప్పేనా?" అన్నాడు.

మేనత్త నోరు తెరిచింది. అంతలో దొడ్డయ్య నోట్లోకి పొద్దున లేస్తే వచ్చే మాట వచ్చేసింది.

"పిల్ల మాట పిల్ల నోటితోనే వినవలెను."

ఎవరూ నవ్వలేదు. దొడ్డయ్యే తన మాటను తాను విన్నట్టు తలూపాడు. తర్వాత పళ్ళెం కింద పెట్టి, "అవును. అదీ నిజమే. చెప్పు బోరీ," అన్నాడు.

బోరమ్మ లేచి నిలబడింది. పుట ఆమె నోట్లో ఉంది, అచ్చు గుద్దినట్టు.

"'స్త్రీ సంతలో పశువు కాదు,'" అంది. "'అయ్యలారా, వినండి. నా హృదయ సామ్రాజ్యానికి...'"

అక్కడ ఆగింది. 'నేనే అధినేత్రిని' అన్నది ఆ తర్వాతి మాట. కదిరమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది. బోరమ్మ ఆ మాటను నాలుక మీద ఒకసారి అటూ ఇటూ తిప్పి, పప్పులో పుచ్చును తీసినట్టు తీసి పక్కన పెట్టింది.

"సామ్రాజ్యం నాకు లేదు. గుడిసెలో సాపంత చోటుండాది. ఆ చోటులోకి ఈయప్పను రానియ్యను. నోరు దెరిసి పండ్లు జూసి కొనుక్కపోయేకి నేను గొర్రెను గాదు. నాకు ఒప్పుదల లేదు."

కాటయ్య ముఖం కందిపోయింది. పైకి లేచి వేలు చూపిస్తూ నోరు తెరిచాడు. పోయిన సంతలో మల్లేశప్ప చెడిపోయిన రేషన్ ఫారాలు, ముద్ర పడనివి, సుబ్బక్కకు వేశాడు. కాటయ్య వాటిలో కట్టిన బొరుగులు తిన్నాడు. కోపంలో తన మాట దొరక్క అదే వచ్చింది.

"'ఒక కుటుంబమునకు ఒకటే కార్డు. రెండవది కోరువారు శిక్షార్హులు.'"

ఈసారి అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది చివరలో కూర్చున్న కాటయ్య పెండ్లాం. అతను కండువా దులుపుకుని, "సోమవారం మిల్లుకాడ చూసుకుందాం," అని వెళ్ళిపోయాడు.

బోరమ్మ కదిరమ్మ దగ్గరికొచ్చింది. "నీ కాగితం పాడు జేసినా మేష్ట్రమ్మా."

"లేదు," అంది కదిరమ్మ. ఆఖరి పుట రాసింది, బోరమ్మ చెప్పినట్టే. తన పాత మాట గుర్తున్నా దాన్ని రాయలేదు. ఓబమ్మ చెప్పిన ఆముదం కూడా నలభై నాలుగో పుటలో చేర్చింది.

సోమవారం సంగతి మిగిలింది. కదిరమ్మ ఆ సాయంత్రమే హొసకోట పోయి ఆంజనప్ప మగ్గం ముందు నిలబడింది.

"పట్టు నూలు కట్టలకు చుట్టొచ్చే తెల్లకాగితాలు ఉన్నాయా?"

"శానా ఉండాయి. ఏమిటికి?"

"ఆఖరి పుట నలభై ప్రతులు కావల్ల. లింగప్పను గూడా పిలువు."

"పేరు ఎవరిది వేద్దాం?" అన్నాడు ఆంజనప్ప నవ్వి. "హేమలతదా?"

"బోరమ్మది."

ముగ్గురు ప్రేమకథల రచయితలు శనివారం పగలంతా కూర్చుని రాశారు. లింగప్ప చేయి అందరికంటే చురుగ్గా నడిచింది. బతుకంతా కచేరీలో నకళ్ళు రాశాడు, రాయదగిన నకలు ఇదొక్కటే దొరికింది. ఆదివారం సంతలో సుబ్బక్క ఒక కాగితం ఎండకెత్తి చూసింది.

"ముద్ర లేదు గదా?"

"లేదక్కా."

"ఎవురికి కట్టల్ల?"

"మిల్లు ఆడోళ్ళకు మాత్రమే."

సోమవారం పొద్దున మిల్లు గేటు దగ్గర కాటయ్య పట్టీ చేతిలో పట్టుకుని పేర్లు పిలిచాడు. పట్టీలో మొదటిదైన బోరమ్మ పేరు వదిలేసి కింది పేరు పిలిచాడు. రామాంజినమ్మ అనే ఆమె కదల్లేదు.

"నాకు ఒప్పుదల లేదు," అంది.

ఆ కింది పేరు పిలిచాడు. అదే మాట. ఆ తర్వాతా అదే. గొంతులు వేరు, మాట ఒకటే. కొందరు మెల్లగా అన్నారు, ఒక ముసలామె ఉమ్మేసినట్టు అంది. లోపల యంత్రం తిరుగుతూనే ఉంది, ఏరే చేతులు లేక పప్పు కుప్పగా పేరుకుంటోంది. పట్టీలో నలభై పేర్లూ అయిపోయాయి. కాటయ్య గొంతు సవరించుకున్నాడు, నుదురు తుడుచుకున్నాడు, పట్టీని మొదటికి తిప్పాడు.

"బోరమ్మా," అని పిలిచాడు.