పేరుండాల్సిన చోట

"ఇంత పెద్ద దుప్పటి ఒక్కదానివే అంత సమంగా ఎట్లా మడత పెడతావే?" అని అత్తగారు ఆ రోజు కూడా ఆశ్చర్యపోయింది. కోడలు నవ్వి ఊరుకుంది. రెండో కొస పట్టుకునే మనిషి ఉందని చెబితే ముసలావిడ గుండె ఆగిపోతుంది. కానీ ఉన్నమాట నిజం. కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో, తర్వాత తర్వాత ఒకే మంచం మీద బతికిన స్నేహితురాలు, ఈ కోడలికి పెళ్ళి కుదిరిన ఏడాదే జ్వరమొచ్చి పోయింది. పోయిందని డాక్టర్లకి తెలుసు గాని, పోయిన మనిషికే ఇంకా తెలిసినట్టు లేదు. గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి మెడ మీద ఊపిరి వదులుతుంది. కూరలో ఉప్పు ఎక్కువ పడబోతే ముందుగానే దగ్గుతుంది. "ఎవరితోనే ఆ గొణుగుడు?" అని భర్త అడిగినప్పుడల్లా "ఎవరూ లేరండీ" అంటూ వచ్చింది ఈవిడ. అన్నిసార్లు లేదనిపించుకుని కూడా అలిగి వెళ్ళిపోలేదంటే ఆ దయ్యానిది ఎంత మంచి మనసో.

ఈవిడ ఉద్యోగం రేడియోలో. "చిరుజల్లులు పడవచ్చు" అని ఈవిడ చదివితే ఎండలో పోయేవాళ్ళు కూడా తల తుడుచుకునేవాళ్ళట. ఇంట్లో మాత్రం ఆ గొంతుకి నీళ్ళు కాగాయనీ, అన్నం వడ్డించాననీ చెప్పడమే పని. "వానొస్తుందని చెప్పడానికి మనిషెందుకు, కిటికీ చాలదూ?" అని భర్త వచ్చినవాళ్ళందరి ముందూ హాస్యమాడతాడు. వాళ్ళు నవ్వుతారు. వాళ్ళకి టీ తెచ్చేదీ ఈవిడే.

ఆ సాయంత్రం కవితల కార్యక్రమం నేరుగా ప్రసారమవ్వాలి. చదవాల్సిన కవయిత్రి, కత్తిరించిన జుట్టు పిల్ల, జలుబుతో గొంతు పూర్తిగా పోగొట్టుకుని వచ్చింది. చదివే బాధ్యత ఈవిడ మీద పడింది.

"కవిత మధ్యలో ఈ ఖాళీ ఏమిటమ్మా?" అన్నాడు సౌండు ఇంజనీరు.

"అక్కడ పేరుండాలి సార్. పైకి చెప్పుకోలేని వాళ్ళు తమ మనిషి పేరు మనసులో అనుకునేంతసేపు ఆగాలి," అని గుసగుసలాడింది ఆ పిల్ల.

"ఎందుకు చెప్పుకోలేరు?"

"ఆడపిల్ల ఆడపిల్లని ప్రేమించింది కాబట్టి."

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ మాటేదో చంద్రుడి మీదో వెన్నెల మీదో పెట్టి చెప్పరాదూ?"

"చంద్రుణ్ణి మీవాళ్ళు వాడి వాడి అరగదీశారు. మా కవితల్లో ఇళ్ళకి తలుపులెక్కువ. అద్దాల్లో ఇంకొకరుంటారు. పేర్ల చోట ఖాళీలుంటాయి."

"ఉంటే ఉన్నాయి గాని, ఇక్కడ గొంతు ఆగితే స్టేషనే ఆగిందనుకుని మిషను తనంతట తానే రికార్డు చేసిన వేణువు వేసేస్తుంది. ఖాళీ ఎత్తేసి చదివెయ్యండి మేడం. ఎవరికి తెలుస్తుంది?"

కవయిత్రి కాగితం మీద ఆ ఖాళీ దగ్గర వేలు పెట్టింది. ఈవిడ వైపు చూసింది.

ఎర్ర లైటు వెలిగింది. ఈవిడ చదవసాగింది. "నా ఒంట్లో ఒక ఇల్లుంది. ఆ ఇంటి అద్దంలో, నా వెనక నిలబడి నా జడ అల్లుతున్న అమ్మాయి..." ఖాళీ వచ్చింది. హెడ్‌ఫోన్‌లో తన ఊపిరి, దాని వెనక ఇంకో ఊపిరి. ఆగితే వేణువొస్తుంది. మంచి మర్యాదగా, కమ్మగా, ఇన్నేళ్ళూ ఇంట్లో అందరూ తన గొంతుని కప్పినట్టే కప్పేస్తుంది. ఎత్తేసి ముందుకు పోతే, వెనకున్న మనిషిని మళ్ళీ లేదన్నట్టే. అది కూడా ఇంటింటా వినబడేలా. ఇంట్లో అత్తగారు, భర్త రేడియో ముందే కూర్చుని ఉంటారు.

ఈవిడ ఆ పేరు పలికింది. ముద్దుపేరు కాదు, అసలు పేరు, ఇంటిపేరుతో సహా. పెళ్ళయ్యాక అది తన నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు. వెనక ఊపిరి ఒక్కసారి ఎగసి, ఏడ్చి తేరుకున్న మనిషిలా నెమ్మదించింది. ఈవిడ మిగతా కవిత తడబడకుండా చదివింది. కవయిత్రి గోడకానుకుని కళ్ళు మూసుకుంది.

బయటికి రాగానే భర్త ఫోను. "అమ్మా నేనూ విన్నాం. మధ్యలో ఆ పేరెవరిది? రాసిన పిల్లదా?"

అవునంటే సరిపోయేది. అతని గొంతు కూడా అదే కోరుకుంటున్నట్టుంది.

"కాదండీ. మన పెళ్ళయిన నాటి నుంచీ మనింట్లోనే ఉంటోంది. మీకు పరిచయం చెయ్యలేదంతే," అంది ఈవిడ. "ఇద్దరం బయల్దేరుతున్నాం."