జమ్ములమ్మ ఏరిన జాగ

తెలకపల్లి దాటినంక వచ్చే మలుపులో తారురోడ్డు సగం దాకా కురుమయ్య వడ్లే ఆరబోసి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా అంచుకు రాళ్లు పేర్చాడు. ఏటా అదే జాగ. భార్య జమ్ములమ్మ ఏరి పట్టిన జాగ.

అప్పట్లో ఆ తొవ్వన పొద్దుకొక్క బస్సు. దాని చప్పుడు దూరంగా వినబడగానే జమ్ములమ్మ కొంగు నడుముకు చెక్కి, వడ్లు పక్కకు గుంజేది. డ్రైవరు బస్సు ఆపి మరీ, "అక్కా, ఎండినయా?" అని అడిగేవాడు. ఆమె పోయినా, కాళ్లతో వడ్లు తిరగేస్తుంటే పక్కనే నడుస్తున్నట్టు ఉంటుంది కురుమయ్యకు.

మనవరాలు రోహిణి రోడ్డు ప్రమాదాలు ఎందుకు అవుతాయో లెక్కగట్టే చదువు చదువుతోంది. జిల్లాలో అయిన ప్రమాదాలన్నీ కంప్యూటర్‌కు ఎక్కించి, రిపోర్టు రాస్తోంది. ఆ రిపోర్టు పై ఆఫీసుకు పోతే ఇక్కడ వడ్లు పోయనియ్యరు. ఆ ముచ్చట చెప్పడానికే వచ్చింది.

"తాగి నడిపెటోళ్లను పట్టుకోమను. నా వడ్లేం జేసినయి?"

"తాగుడు గూడ లెక్కల పెట్టిన తాతా. చీకటి, స్పీడు, మలుపు, అన్నీ పెట్టిన. ఒక్క తీరున్న మలుపులు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే, వడ్లున్న కాడ్నే ఎక్కువ పడుతున్నరు."

"నీ మిషిని ఎన్నడన్న వడ్లు ఎండబోసిందా?"

"లేదు. నీ తీరుగ అలుగుడు గూడ రాదు దానికి."

నవ్వు ఆపుకున్నాడు కురుమయ్య. "మన మలుపొక్కటి లెక్కలకెల్లి తీసెయ్యరాదా బిడ్డా. మీ అవ్వ జాగ," అన్నాడు మెల్లగా.

అంతలో మలుపు తిరిగి ఒక స్కూటీ బండి వచ్చింది. నడిపే ఆమె ముందర చిన్నపిల్ల నిలబడి ఉంది. వడ్లు చూసి ఆమె పక్కకు తిప్పింది. ఎదురుగా ఆటో. బ్రేకు కీచుమంది. రెండూ తాకీ తాకకుండా ఆగాయి.

"ఏంది పెద్దయ్యా, రోడ్డు నీ కల్లమా?" ఆటో అతను అరిచాడు.

ఇంకెప్పుడైనా అయితే కురుమయ్య మాటకు మాట అనేవాడే. ఆ పిల్ల బెదిరి ఏడుస్తుంటే వంగి, అంచు రాళ్లు పక్కకు తీశాడు. జమ్ములమ్మ ఉన్నప్పుడు బండి వస్తే వడ్లు జరిగేవి. ఇప్పుడు వడ్ల కోసం బండ్లు జరుగుతున్నాయి.

బండ్లు పోయినంక పార అందుకుని వడ్లు కుప్ప చేయసాగాడు.

"యాడికి తాతా?"

"ఇంటి స్లాబు మీదికి. నువ్వు ఉన్నదున్నట్టు రాయి."

"ఆడ పిట్టలు తింటయి."

"తిననియ్యి. పొద్దంత కావలి కూసుంట. నాకు వేరే పనేమున్నది? ఆ సంచి పట్టు."