తోటమాలి భార్యకు జ్వరం

మా తోడికోడలు టీవీలో కనిపించిన రోజు మా అత్తగారు పక్కింటివాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టారు. "మా చిన్నకోడలు" అని రెండుసార్లు చెప్పారు. పెద్దకోడలు కాఫీ గ్లాసులు పట్టుకుని వెనకే నిలబడి ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ పెద్దకోడలు నేనే.

తెర మీద ఒక పాత ఊరి పటం, దాని మీద ఎర్ర చుక్కలు. వందేళ్ల కిందట ఆ ఊళ్లో ఒక వైద్యుడు ఏ రోజు ఎవరిని చూశాడో, వాళ్ల జబ్బేమిటో దినచర్య రాసుకున్నాడు. మా తోడికోడలు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఆ ఏడాది జ్వరం ఏ వీధి నుంచి ఏ వీధికి పాకిందో చుక్కలు వరసగా వెలుగుతాయి. అందరూ నోరు తెరుచుకుని చూశారు. నాకు కడుపు మండిపోయింది.

మండదా మరి? ఆ దినచర్య నాది. వైద్యుడిదే అనుకోండి, కానీ ఆ కోడిగీతల రాతను భూతద్దం పెట్టి పదకొండేళ్లు చదివింది నేను. ఒక్కో రోగికి ఒక్కో చీటీ రాసి, చెప్పుల డబ్బాల్లో సర్ది, అవి మంచం కింద పట్టక వంటింటి అటక ఎక్కించింది నేను. ఆ చదివిందంతా నా పుస్తకంగా అచ్చయితే మూడు వందల కాపీలు వేశారు. సగం ఇప్పటికీ ఆ అటక మీదే ఉన్నాయి. టీవీవాళ్లు రాలేదు.

రెండేళ్ల కిందట ఆమె అడిగింది, "అక్కా, మీ పుస్తకం వాడుకోవచ్చా?" అని. "చూద్దాంలే" అన్నాను. మళ్లీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే యూనివర్సిటీ గ్రంథాలయంలో కూర్చుని ఆమె వెబ్‌సైటు తెరిచాను. మొదటి పేజీ చదవబుద్ధి కాలేదు. ఆవిడగారి గొప్పలు నేనెందుకు చదవాలి? తిన్నగా వెతికే గడిలో "తోటమాలి భార్య" అని కొట్టాను. వచ్చేసింది. "మూడు రోజుల జ్వరం, ఒళ్లంతా నొప్పులు, కషాయం ఇచ్చాను, తగ్గింది." నా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా.

ఎగిరి గంతేయాలనిపించింది. ఎందుకంటే ఆ మనిషి లేదు. నేనే పుట్టించాను. నా పుస్తకం అచ్చుకు వెళ్లే రోజుల్లో మా చరిత్ర విభాగంలో ఒకాయన నా స్నేహితురాలి పనంతా తన పేరుతో వేసుకున్నాడు. ఆ భయంతో, దినచర్యలో ఒక పేజీ అడుగు ఖాళీగా ఉంటే, నా పుస్తకంలో ఆ చోట ఒక రోగిని కల్పించి పెట్టాను. అసలు పుస్తకం చూడకుండా నాది ఎత్తి రాసినవాళ్లు అక్కడ దొరికిపోతారు. ఇన్నేళ్లకు దొంగ దొరికింది, అదీ మా ఇంట్లోనే.

"ఏంటి, ఇవాళ కూనిరాగాలు తీస్తున్నావ్?" అన్నారు మా ఆయన సాయంత్రం. చెప్పాను.

"ఆ అమ్మాయితో ఇంట్లోనే ఓ మాటనొచ్చుగా."

"ఆ అమ్మాయి టీవీలో మాట్లాడింది. నేను సభలో మాట్లాడతాను."

శనివారం ఆమె ఆ పటాన్ని అందరికీ చూపించే సభ. హాలు కిక్కిరిసిపోయింది. అత్తగారు ముందు వరసలో పట్టుచీరతో. నేను మూడో వరసలో, ప్రశ్న కాగితం మీద రాసుకుని మరీ కూర్చున్నాను.

తెర మీద మొదటి బొమ్మే నా పేరు. ఆమె పేరు దాని కింద, చిన్న అక్షరాల్లో.

"ఇదంతా మా అక్క పుస్తకం మీద నిలబడింది. ప్రచురణకర్తలు అనుమతిచ్చారు, అక్క చూద్దాంలే అన్నారు. అక్క చూద్దామంటే సరేనన్నట్టే," అంది. జనం నవ్వారు. "దినచర్యలో ప్రతి పేజీ ఫొటో తీశాం, ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు. కొన్ని పేజీల అడుగులు ఈమధ్య చెదలు తినేశాయి. అక్కడ అక్క చదివిందే మాకు ఆధారం. అవి బాగున్న రోజుల్లో చూసింది ఆవిడొక్కరే కదా."

పటం వెలిగింది. ఉత్తరపు మూల తోట దగ్గర ఒక పెద్ద చుక్క. జ్వరాల చరిత్ర రాసే ఒక పెద్దమనిషి లేచాడు. "జ్వరం మొదలైంది ఈ తోటమాలి భార్యతోనే. దీని మీద నేనో వ్యాసం రాశాను, మరో ఇద్దరు రాస్తున్నారు. ఆమె గురించి ఇంకేమైనా తెలుస్తుందా?" అని అడిగాడు. వెనక నుంచి ఇంకొకరు, ఆమె ఇల్లు ఎక్కడో తెలుసా అన్నారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు గర్వమే వచ్చింది. ఆమె పటంలో అందరూ అడుగుతున్నది నా మనిషి గురించే. మరుక్షణమే ఇంకోటి తోచింది. పదకొండేళ్లు కళ్లు పోయేలా చదివినదాంట్లోంచి ఒక్కరూ ఒక్కటీ అడగలేదు. నేను అల్లింది మాత్రం అడిగారు.

"అక్కని అడగండి," అంటూ ఆమె మైకు నా దగ్గరికి పంపించింది.

చెదలు నా పక్షాన ఉన్నాయి, ఆ పేజీ అడుగు ఇప్పుడు లేదు. గుర్తులేదంటే సరిపోతుంది, ఈ జన్మకి ఎవరికీ తెలియదు. కానీ ఆ పెద్దమనిషి కలం తెరిచి పట్టుకుని నా నోటివైపే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది, అతని మీదో నా మీదో తెలియదు.

"అలాంటి మనిషి లేదండి. దొంగల్ని పట్టడానికి నేనే రాశాను," అన్నాను.

పెద్దమనిషి కలం మూసేశాడు. మా తోడికోడలు నన్నొకసారి చూసి, కంప్యూటర్ వైపు తిరిగి ఏదో నొక్కింది. పెద్ద చుక్క పోయింది. దాని నుంచి బయల్దేరిన గీతలన్నీ పోయాయి. జ్వరం ఇప్పుడు రేవు దగ్గర మొదలై పైకి పాకింది. అర నిమిషం పట్టలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. ఆ చప్పట్లు కూడా ఆమెకే. అంత తలవంపుల్లోనూ నాకు కుళ్లు పుట్టింది.

సభ అయ్యాక ఆమె మెట్ల దగ్గర నా కోసం ఆగింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఇంకెన్ని ఉన్నాయక్కా?" అంది మెల్లగా.

"ఒక్కటే. ఒట్టు."

"సరేనక్కా."

అది నిజమే, ఒక్కటే. సోమవారం గ్రంథాలయానికి వెళ్లేసరికి ఆమె, ఇంకో ఇద్దరు కంప్యూటర్ల ముందు కూర్చుని, నా పుస్తకం మొదటి పేజీ నుంచి ఒక్కో వాక్యం ఫొటోతో సరిచూస్తున్నారు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.