ప్రతి ప్రకటనా రెండుసార్లు

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రేవుకు వెళ్ళవలసిన బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

ఆమె మైకు బొత్తాం మీంచి వేలు తీసి ఊపిరి పీల్చుకుంది. ప్రతి ప్రకటనా రెండుసార్లు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజే నేర్పిన పాఠం అది. మొదటిసారికి జనం తలెత్తుతారు, రెండోసారికి వింటారు. వేలు మళ్ళీ బొత్తాం మీదికి వెళ్తుండగా, బల్లమీద బోర్లించి పెట్టిన ఫోను గుర్రుమంటూ అంగుళం జరిగింది. ఆమె చూపు దాని మీదికి పోయింది.

"రేవుకు వెళ్ళవలసిన బస్సు ఐదో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

అద్దాల అవతల జనం కట్ట తెగిన నీళ్ళలా ఐదో ప్లాట్‌ఫారం వైపు పరుగెత్తారు. పెట్టెలు, పిల్లలు, ఒక కాలికే చెప్పున్న ముసలాయన. మూడో ప్లాట్‌ఫారం మీది బస్సు సగం ఖాళీగా కదిలి గేటు దాటిపోయింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె నోట తప్పు రావడం అదే మొదలు.

తలుపు దబాలున తెరుచుకుంది. టికెట్ కౌంటర్లో కూర్చునే అక్క. లావుపాటి మనిషి, మెట్లెక్కి వచ్చేసరికి రొప్పుతోంది.

"ఏమే, మూడంటావు, ఐదంటావు! అక్కడ నా కౌంటరు పీకేస్తున్నారు. మీ మైకమ్మ కల్లు తాగిందా అని అడుగుతున్నాడొకడు!" అంటూనే ఆమె ముఖం చూసి ఆగిపోయింది. ఫోను వైపు చూసింది. తలుపు మెల్లగా వేసింది. "ఆ పాడు మెసేజీలు ఇంకా వస్తున్నాయా?"

ఆమె తలూపింది.

నిన్న సాయంత్రం ఎవరో ఒక వెబ్‌సైటులో ఆమె ఫొటో పెట్టారు. తెల్లారేసరికి అది ఫోన్లలోంచి ఫోన్లలోకి పాకింది. ఫొటోలో ఆమె తన గదిలో, మంచం అంచున, ఒంటిమీద బట్ట సరిగా లేకుండా కూర్చుని, కెమెరా వైపు తిరిగి నవ్వుతోంది. పెళ్ళయిన కొత్తలో ఆయన ముచ్చటపడి తీసింది. ఆమె ముచ్చటపడే నవ్వింది. ఫొటో కింద ఒక వాక్యం ఉంది: "రోజూ ఈ గొంతు వింటున్నారుగా. ఇదిగో మనిషి."

ఆ ఫొటో కంటే ఆ వాక్యమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఎందుకంటే ఆమె జీవితమంతా ఆ గొంతుకూ ఈ మనిషికీ మధ్య ఉన్న గోడ మీదే నిలబడింది. పొట్టి మనిషి. చామనఛాయ. బడిలో హాజరు పిలిచేటప్పుడు కూడా పంతులు తలెత్తి చూసేవాడు కాదు. ఏ వరసలో నిలబెట్టినా కళ్ళు ఆమెను దాటి పక్కవాళ్ళ మీదికి వెళ్ళేవి. గొంతు మాత్రం దేవుడు వేరే ఎవరి కోసమో చేసి, పొరపాటున ఆమెకిచ్చాడు. ఆ గొంతు వింటే పరుగెత్తేవాళ్ళు ఆగుతారు, కూర్చున్నవాళ్ళు లేస్తారు. బస్టాండులో పనిచేసే పదిమందికి తప్ప ఆ గొంతు ఎవరిదో ఊరికి తెలియదు. నల్ల అద్దాల గదిలోంచి ఆమెకు అందరూ కనిపిస్తారు, ఆమె ఎవరికీ కనిపించదు. అదే ఆమెకు హాయి. సాయంత్రం డ్యూటీ దిగి అదే జనంలో కలిసి నడుస్తూ, "నా మాట విని ఇంతమంది ఇళ్ళు చేరారు" అని లోలోపల గర్వపడేది.

ఇవాళ ఆ నల్ల అద్దం తెల్లగా అయిపోయినట్టుంది. ప్లాట్‌ఫారం మీద ప్రతివాడి చేతిలోనూ ఫోను. ఎవడు నవ్వినా తనను చూసేననిపిస్తోంది.

"ఆయనేమంటున్నారు?" అడిగింది అక్క.

"పొద్దున్నే నా ఫోను తీసుకుని వచ్చిన మెసేజీలన్నీ తుడిచేశారక్కా, చూసుకుని ఏడుస్తానని. ఇది రిపేరు షాపువాడి పనేనట. పోయిన నెల ఫోను పాడైతే ఆయనే ఇచ్చొచ్చారుగా. నేనా ఫొటో ఎప్పుడో తీసేశాను. తీసేసినవి కూడా వాళ్ళు బయటికి లాగుతారట."

"ఇంకేమన్నారు?"

"ఇవాళే ఉద్యోగం మానెయ్యమన్నారు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తావన్నారు."

పెద్ద ఆఫీసువాళ్ళు అన్ని బస్టాండ్లకూ ఆమె గొంతే రికార్డు చేస్తామని పిలిచిన సంగతీ, "ఇంటి ఆడదాని గొంతు ఊరూరా మోగాలా?" అని ఆయన వారం రోజులు అన్నం దగ్గర అలిగిన సంగతీ అక్కకు తెలుసు.

"సరే, నేనొక తప్పు చేశాను, తిట్టుకో," అంది అక్క. "ఆ పేజీని నా ఫోనులో ఫొటో తీసి దాచాను, పైనున్న అడ్రసుతో సహా. మా వీధిలో ఒక వకీలమ్మ ఉంది, ఉచితంగానే చూస్తుంది. ఆవిడకు ఫోన్ చేస్తే, 'తుడవకండి, దాచండి, నేను పోలీస్ స్టేషన్‌కి వస్తా' అంది."

మెట్లమీద బూట్ల చప్పుడు. ఆయన వచ్చాడు.

చేతిలో భోజనం డబ్బా ఉన్న గుడ్డసంచి. పెళ్ళయ్యాక ఆయన డబ్బా కట్టడం ఇదే మొదటిసారి. మూత ఊడకుండా సంచి పిడులు రెండూ కలిపి ముడివేశాడు. అలవాటు లేని చెయ్యి వేసిన మొండి ముడి.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదుగా పిచ్చిదానా," అన్నాడు ఆమె భుజం మీద చెయ్యివేసి. "పద. స్టేషన్‌కి వెళ్ళి చెప్పొచ్చాను, రిపేరువాణ్ణి పట్టుకొచ్చారు. ఫిర్యాదు కాగితం నేనే రాయించాను, నువ్వు సంతకం పెడితే చాలు. అక్కడ నువ్వు నోరు విప్పకు. ఏడుపు గొంతుతో నువ్వేం మాట్లాడతావు? నేనున్నాగా."

నేనున్నాగా. ఆ మాట పొద్దున్నుంచీ ఆమెను నిలబెట్టింది. ఇప్పుడెందుకో భుజం మీది చెయ్యి బరువుగా అనిపించింది.

స్కూటరు మీద వెళ్తుంటే ఆమె ముఖానికి చున్నీ చుట్టుకుని, ఆయన వీపు వెనక దాక్కుంది. ఎర్రదీపం దగ్గర పక్క బండి మీది కుర్రాళ్ళిద్దరు ఒకే ఫోనులోకి తొంగిచూసి పకపకా నవ్వారు. ఆమె కళ్ళు మూసుకుంది. దీపం పచ్చగా మారడానికి ఒక యుగం పట్టింది.

పోలీస్ స్టేషన్లో ఒక పొడవాటి గది. ఒక మూల కుర్చీలో ఇన్‌స్పెక్టరు, నడివయసు స్త్రీ, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఏదో చదువుతోంది. ఎదురుగా వకీలమ్మ, పక్కన అప్పటికే ఆటోలో వచ్చి కూర్చున్న కౌంటరక్క. గోడవారగా బల్లమీద రిపేరాయన. బక్కపల్చటి మనిషి. వేళ్ళ చివర్లు పనికి మాడి నల్లబడ్డాయి. మోకాళ్ళ మధ్య తల దూర్చి కూర్చున్నాడు.

"ఈవిడెందుకండీ?" అన్నాడు ఆమె వెనకే వచ్చిన భర్త, వకీలమ్మను చూడగానే. "ఇంటి గుట్టు నలుగురిలో ఎందుకు?"

"నలుగురిలో పెట్టింది నేను కాదుగదండీ," అంది వకీలమ్మ. ఆమె వైపు తిరిగింది. "ఇటు కూర్చోండమ్మా. మొదట ఒక్క మాట వినండి. ఆ ఫొటో తీసినప్పుడు మీరు నవ్వారా, ఏడ్చారా అని ఇక్కడెవరూ అడగరు. తీయించుకోవడానికి ఒప్పుకోవడం వేరు, పదిమందికీ పంచడానికి ఒప్పుకోవడం వేరు. చట్టం ఆ రెంటినీ కలపదు. పంచినవాడిదే నేరం."

ఆమె తలెత్తింది. పొద్దున్నుంచీ ఎవరూ ఆ మాట అనలేదు. ఆయన కూడా అనలేదు. "ఎందుకు నవ్వావో, ఖర్మ," అన్నాడు.

"తీసెయ్యమని వెబ్‌సైటుకు ఇప్పుడే నోటీసు పెడుతున్నాను. అక్క దాచిన అడ్రసు ఉంది కాబట్టి పని సులువు. వాళ్ళు నాన్చితే కోర్టు ఉత్తర్వు తెస్తాను. మళ్ళీ ఎక్కడా పెట్టకుండా ఇంకోటి. మీ పేరు బయటికి పొక్కదు. నష్టపరిహారం సంగతి తర్వాత చూద్దాం. మీ ఫోనులో ఏమున్నాయి?"

"పొద్దున నేను తుడిచేశానండీ," అన్నాడాయన.

వకీలమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "తుడిచేశారా? అది సాక్ష్యం గదండీ."

"పరువు పోయాక సాక్ష్యాలెందుకు?"

"పరువు పోయింది పెట్టినవాడిది. మీరెందుకంత కంగారు పడతారు?"

అక్క దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది. ఇన్‌స్పెక్టరు కాగితం ముందుకు తోసింది. "రిపేరు షాపు యజమాని మీద అనుమానం అని రాయించారు. జరిగింది మీ నోటితో చెప్పండమ్మా."

"ఆవిడ మాట్లాడే స్థితిలో లేదండీ, నేను చెప్తాను," అంటూ ఆయన ముందుకొచ్చాడు. "పోయిన నెల ఫోను పాడైతే..."

"ఫిర్యాదు ఆవిడది," అంది వకీలమ్మ. "గొంతు కూడా ఆవిడదే ఉండాలి."

ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో జాలి లేదు. వద్దు అనే మాట ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది, ఎదురుగా మైకు ఉందనుకుంది, బొత్తాం నొక్కుతున్నట్టు బొటనవేలు బల్లకు ఆనించింది.

"నిన్న సాయంత్రం," అంది. "నిన్న సాయంత్రం నా ఫొటో ఒకటి, నాకు తెలియకుండా..."

గోడవారగా కూర్చున్న రిపేరాయన తల పైకి లేచింది. నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు, అక్కడెక్కడో లౌడుస్పీకరు ఉందేమోనని.

"అమ్మా! రేవు బస్సు! ఐదో ప్లాట్‌ఫారం!"

"ఏయ్, కూర్చో," అన్నాడు కానిస్టేబులు.

"లేదు సార్, ఈ గొంతు! సామాన్లకని పొద్దున రేవుకు బయల్దేరాను. మూడన్నారు, మళ్ళీ ఐదన్నారు. పరుగెత్తాను, బస్సు తప్పింది. తిరిగి షాపుకొస్తే మీరు పట్టుకున్నారు. అమ్మా, అది మీరా? ఇన్నేళ్ళూ అది టేపనుకున్నానమ్మా! మనిషి మాట్లాడుతుందని నాకు తెలీదు, పిల్లల మీదొట్టు!"

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసింది. "ఈవిణ్ణి ముందెప్పుడూ చూడలేదా?"

"లేదండీ. ఆ సారే వచ్చి తన ఫోనని చెప్పి ఇచ్చారు, ఆయనే పట్టుకెళ్ళారు."

ఆమె కళ్ళు తెరిచింది.

రోజూ ఈ గొంతు వింటున్నారుగా. ఇదిగో మనిషి.

ఇతనికి మనిషే తెలియదు. బస్టాండులో వాళ్ళకు మనిషి తెలుసు, ఫొటో దొరకదు. గొంతూ, ముఖమూ, ఆ గదీ, ఆ మంచం, ఆ నవ్వూ అన్నీ తెలిసినవాళ్ళు లోకంలో ఎంతమంది? "నువ్వు నోరు విప్పకు." ఈ బక్కమనిషి చెవిన ఆమె గొంతు పడకూడదనే ఆ మాట; పడితే ఇతనికి మనిషే తెలియదని బయటపడుతుంది. బస్సు దొరికి ఉంటే ఇతను ఈపాటికి రేవులో ఉండేవాడు. పారిపోయాడని రాసుకునేవాళ్ళు. తను సంతకం పెట్టేది. ఇంటికి వెళ్ళి ఆయన కట్టిన డబ్బా విప్పి, ఏడుస్తూ తినేది. రేపట్నుంచి ఆ ఇంట్లో, ఆ మంచం అంచున, ఆ చెయ్యి భుజం మీద వేసుకుని, నేనున్నాగా అంటుంటే వింటూ బతికేది.

పొద్దున్నుంచీ వీధిలో ఉందనుకున్న భయం వీధిలో లేదు. ఇంట్లోంచి తనతోపాటే స్కూటరెక్కి వచ్చింది. దాని వీపు వెనకే తను ముఖం దాచుకుంది.

మెల్లగా వెనక్కి తిరిగింది.

ఆయన నిలబడిన చోటు ఖాళీగా ఉంది. బయట స్కూటరు రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుని, రోడ్డు మలుపులో సన్నబడిపోయింది. ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు చూసింది. అతను తలుపు దాటి పరుగుతీశాడు.

"అమ్మడూ," అంది అక్క, ఆమె చెయ్యి పట్టుకుని. "మా ఇంట్లో గది ఖాళీయే. నా గురక తట్టుకుంటే చాలు."

"ఆయన మీ దగ్గరికి రాకుండా కూడా ఉత్తర్వు అడగొచ్చు," అంది వకీలమ్మ నెమ్మదిగా. "కానీ మీరు చెప్పాలి. నేను చెబితే చెల్లదు."

ఇన్‌స్పెక్టరు పాత కాగితం మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసింది. "ఎవరి మీద అనుమానం?"

చెబితే ఇల్లు ఉండదు. చెప్పకపోతే ఇల్లు తప్ప ఇంకేమీ ఉండదు. భయం పోయాక మాట్లాడదామనుకుంటే ఈ జన్మకు కుదరదు. బొటనవేలు మళ్ళీ బల్లకు ఆనించింది.

"మా ఆయన," అంది.

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. "పేరు?"

పెళ్ళయినప్పటి నుంచీ ఏవండీ అనే తప్ప ఆమె ఆయన్ని పేరుపెట్టి పిలిచింది లేదు. ఇప్పుడు ఇంటిపేరుతో సహా చెప్పింది, ప్రతి అక్షరం విడివిడిగా, బస్సు హారన్లలోనూ వినపడే గొంతుతో. బల్లమీది రిపేరాయన తలెత్తాడు. వరండాలో ఎవరి మాటలో ఆగిపోయాయి.

ఊపిరి పీల్చుకుని, రెండోసారి చెప్పింది.

తలుపు పక్కన గచ్చుమీద గుడ్డసంచి అలాగే ఉంది. లోపల డబ్బా ఇంకా గోరువెచ్చగానే ఉండి ఉంటుంది. పిడులకు వేసిన మొండి ముడిని ఎవరూ విప్పలేదు.